ఫోటో షేక్ అయిందా, ఫోకస్ తప్పిందా? మొదటి కెమెరా కొన్నవారికి సెట్టింగుల గురించి నా జవాబు

మీ ప్రశ్న మొత్తం చదివాను. 18-55 మి.మీ. కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటే వచ్చే జూమ్ లెన్స్) మొదటి మిర్రర్‌లెస్ కెమెరా కొన్నారు. రెండు నెలలుగా ఎక్కువగా ఆటో మోడ్‌లోనే తీస్తున్నారు. ఇంట్లో పిల్లల ఫోటోలు మసకగా వస్తున్నాయి, బ్యాక్‌గ్రౌండ్ అనుకున్నంత బ్లర్ కావడం లేదు, పైగా ఇంట్లోవాళ్ళు "దీనికన్నా ఫోనే నయం" అంటున్నారు. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం ఎంత తెరవాలో), షట్టర్ స్పీడ్ (ఆ వెలుగు ఎంతసేపు పడాలో), ఐఎస్ఓ (పడిన వెలుగును ఎంత పెంచి చూపాలో) గురించి చాలా చదివారు, తీరా కెమెరా చేతిలోకి తీసుకునేసరికి అంతా కలగాపులగం అయిపోతోంది. మాన్యువల్ మోడ్ నేర్చుకుంటే తప్ప బాగుపడనా, కొత్త లెన్స్ కొనాలా అని అడిగారు.

మాన్యువల్ మోడ్ ఇప్పుడే వద్దండి. నేను పదిహేనేళ్ళ పైనుంచి ఫోటోలు తీస్తున్నాను. నా కెమెరా డయల్ ఎక్కువ కాలం 'ఏ' అక్షరం మీదే ఉంటుంది, అంటే అపర్చర్ నేను ఎంచుకుంటే షట్టర్ స్పీడ్ కెమెరాయే చూసుకునే మోడ్. మాన్యువల్‌లో తీస్తేనే అసలైన ఫోటోగ్రాఫర్ అనే మాట ఎవరు పుట్టించారో గానీ, దానివల్ల కొత్తవాళ్ళలో సగంమంది భయపడి ఆటోకే అతుక్కుపోతున్నారు. మిగతావాళ్ళు మూడు డయల్స్ తిప్పుకుంటూ కూర్చునేలోపు పిల్లాడు ఆ గదిలోంచి వెళ్ళిపోతున్నాడు.

ఫోన్ గురించి మీ ఇంట్లోవాళ్ళు అన్నదాంట్లో తప్పు లేదు. బటన్ నొక్కినప్పుడు ఫోన్ ఒక్క ఫోటోతో ఊరుకోదు. చాలా ఫ్రేములు వెంటవెంటనే తీసి, వాటిని కలిపి, నీడలు కాస్త ఎత్తి, నాయిస్ (ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) తుడిచి, వండి వడ్డిస్తుంది. మీ కెమెరా చాలావరకు ఆ ఒక్క క్షణంలో లోపలికి వచ్చిన వెలుగుతోనే పని కానిచ్చుకుంటుంది. కాబట్టి కెమెరాకు మీ వైపునుంచి ఒకటి రెండు నిర్ణయాలు కావాలి. ఆ ఒకటి రెండూ ఏవో తెలిస్తే చాలు, అన్నీ తెలియనక్కర్లేదు.

అపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ మూడూ ఫోటో ఎంత వెలుతురుగా రావాలో తేల్చేవే. మీరు చదివినవన్నీ ఈ వెలుగు లెక్క దగ్గరే ఆగి ఉంటాయి. ఆ లెక్క కెమెరాకు బాగానే వచ్చు, మనం పోటీ పడాల్సిన పని లేదు. మనం చూసుకోవాల్సింది ఆ మూడింటి వెంట వచ్చే పక్క ప్రభావాలు. అపర్చర్ మారిస్తే ముందూ వెనకా ఎంత మేర స్పష్టంగా ఉంటుందో మారుతుంది. షట్టర్ మారిస్తే కదలిక ఆగడమో సాగడమో జరుగుతుంది. ఐఎస్ఓ పెంచితే నాయిస్ కనబడుతుంది. కెమెరా ఎత్తేముందు "ఈ ఫోటోలో ఏది చెడితే ఇక పనికిరాదు?" అని ఒక్కసారి అనుకోండి. దాన్ని మీ చేతిలో పెట్టుకుని, మిగతా రెండూ కెమెరాకు వదిలేయండి. పిల్లలు ఆడుతుంటే చెడేది కదలిక, కాబట్టి షట్టర్ మీది. మనిషి కదలకుండా కూర్చుంటే, వెనక గజిబిజిగా ఉంటే, అపర్చర్ మీది.

ఇక మీ మసక ఫోటోలు. 'మసక' అని మీరు ఒక్క మాటలో అన్నారు గానీ అది నాలుగైదు రకాల జబ్బు. మందు వేరువేరు. ఒక చెడిపోయిన ఫోటోను కంప్యూటర్‌లో తెరిచి నూరు శాతం జూమ్ చేసి చూడండి. ఫ్రేములో ఉన్నవన్నీ, గోడ మీది గడియారం అంకెలతో సహా, ఒకే దిక్కుకు కొద్దిగా సాగినట్టుంటే మీ చెయ్యి కదిలింది. గడియారం, సోఫా చక్కగా ఉండి పిల్లాడి చేతులు, మొహం మాత్రమే అలికినట్టుంటే కదిలింది పిల్లాడు. పిల్లాడు మెత్తగా ఉండి, వాడి వెనకున్న కర్టెన్ నేత దారాలతో సహా కనబడుతుంటే ఫోకస్ తప్పి కర్టెన్ మీద పడింది. ఏదీ సాగలేదు, అంతా ఇసుక చల్లినట్టో లేక నీళ్ళరంగులు పూసినట్టో ఉందంటే అది ఐఎస్ఓ నాయిస్, లేదా ఆ నాయిస్‌ని కెమెరా అతిగా తుడిచిన గుర్తు. లైట్ల చుట్టూ పొగలాంటి వలయం, ఫోటో మొత్తం మీద పాలపొర ఉంటే సెట్టింగుల జోలికి పోకుండా లెన్స్ మీద వేలిముద్ర ఉందేమో చూడండి. నవ్వకండి, నేనూ ఒక సాయంత్రమంతా అలా తీశాను.

ఇంట్లో పిల్లల ఫోటోలంటున్నారు కాబట్టి మీది రెండో రకం అయ్యే అవకాశమే ఎక్కువ. ఆటో మోడ్ ఇంట్లో వెలుతురుకు తరచూ 1/60 దగ్గర ఆగుతుంది. తెరమీద 60 అని ఒక్క అంకె కనిపిస్తే సెకనులో అరవయ్యో వంతు అన్నమాట. మీ చేతి వణుకుకు అది సరిపోవచ్చు, పిల్లాడి గెంతుకు సరిపోదు. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (వణుకును సర్దే ఏర్పాటు) ఉంది కదా అని ధైర్యంగా ఉండొద్దు. అది నిలబెట్టేది మీ చేతిని, పిల్లాణ్ణి కాదు.

నేను వాడే అంకెలు చెప్తాను, ఇవి శాసనాలేమీ కావు. పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుతుంటే 1/125. పిల్లలు నడుస్తూ, ఆడుతూ ఉంటే 1/250. పరుగెడితే 1/500. ఎగిరే పక్షికి 1/1000 నుంచి 1/2000. చేతి వణుకు విషయంలో పాతకాలం నుంచి ఒక లెక్క ఉంది, లెన్స్ ఎన్ని మి.మీ. ఉంటే సెకనులో అన్నో వంతు కన్నా నెమ్మది కాకూడదని. ఆ లెక్క ఫిల్ము రోజులది. మీ కెమెరా సెన్సర్ (లెన్స్ వెనక వెలుగును పట్టే పలక) ఆ ఫిల్ము కన్నా చిన్నది కాబట్టి ఒకటిన్నరతో గుణించాలి. 55 దగ్గర ఉంటే 1/80 కన్నా కిందికి దిగొద్దు. చెయ్యి బాగా కుదురుగా ఉండి, స్టెబిలైజేషన్ కూడా ఉంటే ఇంకా నెమ్మదిగా తీయొచ్చు, కదలని వస్తువులైతేనే.

ఇప్పుడు ఒక సాయంత్రాన్ని తీసుకుని లెక్కవేద్దాం. గదిలో ఒక లైటు వెలుగుతోంది. మీరు 55కి జూమ్ చేసి ఒక మూల నిలబడ్డారు. కెమెరా ఎఫ్ 5.6 (ఇది అపర్చర్ అంకె, ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది), 1/60, ఐఎస్ఓ 1600 చూపిస్తోంది. మీకు 1/250 కావాలి. 60 నుంచి 125కి ఒక మెట్టు, 125 నుంచి 250కి ఇంకో మెట్టు. ఒక్కో మెట్టుకు వెలుగు సగమవుతుంది. ఈ మెట్టునే స్టాప్ అంటారు. స్టాప్ అంటే రెట్టింపు, లేదా సగం, అంతే. రెండు స్టాపులు తగ్గింది కాబట్టి వెలుగు నాలుగో వంతే మిగిలింది. దాన్ని ఎక్కడినుంచో పూడ్చాలి. అపర్చర్ ఇంకా తెరుద్దామంటే మీ లెన్స్ 55 దగ్గర 5.6 దాటి తెరుచుకోదు, లెన్స్ మీద 3.5-5.6 అని రాసి ఉన్నది అందుకే. మిగిలింది ఐఎస్ఓ. 1600 నుంచి 3200, అక్కడినుంచి 6400. ఫోటో వస్తుంది, నాయిస్ కూడా వస్తుంది.

అదే మీరు నాలుగడుగులు ముందుకు వేసి, జూమ్ తగ్గించి 18 దగ్గరికి వస్తే? లెన్స్ 3.5 దాకా తెరుచుకుంటుంది. 5.6 నుంచి 3.5కి ఒకటింబావు స్టాపు కన్నా కాస్త ఎక్కువే కలిసొస్తుంది. అదే 1/250కి ఐఎస్ఓ 2500 చుట్టుపక్కల సరిపోతుంది. డబ్బు ఖర్చు లేదు, కాళ్ళకు నాలుగడుగుల పని. మరీ మొహం మీదికి మాత్రం వెళ్ళొద్దు, 18లో దగ్గరినుంచి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయి, మీరే మొదట నవ్వుతారు. పిల్లాణ్ణి కిటికీ వైపు రప్పిస్తే, లేదా రెండో లైటు వేస్తే ఇంకా మంచిది. అనుభవం ఉన్నవాళ్ళ ఫోటోలు బాగుండటానికి సెట్టింగుల కన్నా పెద్ద కారణం ఇదే. వాళ్ళు గదిలోకి రాగానే ముందు కిటికీ ఎక్కడుందో చూస్తారు.

లైట్ల దగ్గరే ఇంకో చిక్కు ఉంది, ఎవరూ ముందు చెప్పరు. షట్టర్ వేగం పెంచాక కొన్ని ఇళ్ళలో ఫోటోలో అడ్డంగా నల్లటి పట్టీలు పడతాయి, లేదా వరుసగా తీసిన ఫోటోలు ఒకటి పచ్చగా, ఒకటి తెల్లగా వస్తాయి. కెమెరా పాడైందని టెన్షన్ పడకండి. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, మన కంటికి తెలియదు. షట్టర్ 1/100 లేదా 1/50 పెడితే ఆ మినుకు మొత్తం ఫోటోలో సమానంగా సర్దుకుంటుంది. 60 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో అయితే 1/120, 1/60. సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉంటే ఈ పట్టీలు మరీ ఎక్కువ, ఎందుకంటే అప్పుడు సెన్సర్‌ను ఒక్కో వరుస చొప్పున చదువుతుంది. ఇంట్లో దాన్ని ఆపేసి మామూలు మెకానికల్ షట్టర్‌తో తీయండి. మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేసుకోండి.

ఐఎస్ఓ అంటే మీకు భయం పట్టుకుందని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. "ఆటో వదిలినప్పుడు 400 దాటనివ్వకుండా తీస్తున్నాను" అన్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, నాయిస్ రాకూడదని మీరు పట్టుబట్టడం వల్లే షట్టర్ నెమ్మదించి ఫోటో షేక్ అవుతోంది. ఐఎస్ఓ పెంచితే సెన్సర్ ఎక్కువ వెలుగును పట్టుకోదు. పడిన కొద్ది వెలుగునుంచి వచ్చిన సంకేతాన్ని పెద్దది చేసి చూపిస్తుంది, అంతే. నాయిస్‌కు అసలు మూలం వెలుగు తక్కువ కావడం. అందుకే తక్కువ ఐఎస్ఓలో చీకటిగా తీసి, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వెలుతురు పెంచినా ఆ ఇసుక తేలుతుంది, కొన్ని కెమెరాల్లో ఇంకా ఘోరంగా తేలుతుంది. పైగా నాయిస్‌ను ఇప్పటి సాఫ్ట్‌వేర్లు బాగా తగ్గిస్తున్నాయి. అలికిపోయిన కళ్ళను ఏ సాఫ్ట్‌వేరూ ఉన్నది ఉన్నట్టు తిరిగి తేలేదు. కాబట్టి 6400 దాకా నిశ్చింతగా వెళ్ళండి. పగలు ఎండలో మాత్రం 100 లేదా 200 చాలు.

ఆ అంకెలకు కాస్త చరిత్ర ఉంది. ఫిల్ము కాలంలో అమెరికా వాళ్ళు ఏఎస్‌ఏ అని, జర్మన్లు డిన్ అని వేరువేరు కొలతలు వాడేవారు. 1974లో రెంటినీ కలిపి ఐఎస్ఓ చేశారు. మన తరం ముందువాళ్ళు ఇప్పటికీ "400 ఏఎస్‌ఏ" అనడం వింటుంటాం, అదీ ఇదీ ఒకటే అంకె.

అపర్చర్ దగ్గర అందరినీ తికమక పెట్టేది, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవడం. ఆ అంకె నిజానికి భాగహారం. లెన్స్ ఎన్ని మి.మీ. అన్నదాన్ని ఆ అంకెతో భాగిస్తే రంధ్రం వెడల్పు వస్తుంది. 50 మి.మీ. లెన్స్‌ను ఎఫ్ 2లో పెడితే 25 మి.మీ. వెడల్పు. అదే ఎఫ్ 8లో పెడితే ఆరు మి.మీ. పైచిలుకు. సగం రొట్టె పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అన్నంత సులువు. 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అనే వరుస వింతగా ఉంటుంది గానీ, ఒక్కో మెట్టుకు రంధ్రం వైశాల్యం సగమవ్వాలంటే వెడల్పు సుమారు 1.4 రెట్లు తగ్గాలి. ఆ గుణకారమే ఆ వరుస. బట్టీపట్టక్కర్లేదు, వాడుతుంటే వేళ్ళకే అలవాటవుతుంది.

రంధ్రం చిన్నదైతే అన్నీ ఎందుకు స్పష్టమవుతాయి? కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయినవాళ్ళు బస్సు బోర్డు చదవాలంటే ఏం చేస్తారో చూడండి. కళ్ళు చిట్లిస్తారు. కంట్లోకి వెలుగు వచ్చే దారి సన్నబడితే చెదిరిన కిరణాలు తగ్గి అక్షరాలు కాస్త తేరుకుంటాయి. లెన్స్‌లో జరిగేదీ అదే. ఎఫ్ 11 అంటే కెమెరా కళ్ళు చిట్లించడం. ఇలా ముందూ వెనకా స్పష్టంగా ఉండే మేరనే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. అంత చిట్లిస్తే అంత మంచిదని ఎఫ్ 22కి మాత్రం పోవద్దు. మరీ సన్నని రంధ్రంలోంచి వచ్చే వెలుగు అంచుల దగ్గర విరిసి ఫోటో మొత్తం కొంచెం మెత్తబడుతుంది. మీ సెన్సర్‌కు ఎఫ్ 11 దాటాల్సిన అవసరం అరుదు.

ఈ డెప్త్ ఆఫ్ ఫీల్డ్ నాకు నేర్పింది పుస్తకాలు కాదు, మా మేనత్త. కొత్తగా ఎఫ్ 1.8 దాకా తెరుచుకునే లెన్స్ కొన్న ఉత్సాహంలో బంధువుల గ్రూప్ ఫోటో తీశాను. ముందు వరుసలో పిల్లలు కూర్చున్నారు, వెనక పెద్దవాళ్ళు నిలబడ్డారు. కెమెరా వెనక చిన్న తెరమీద అద్భుతంగా కనిపించింది. పెద్దది ప్రింటు వేయించాక చూస్తే ముందు వరుస పిల్లల కనురెప్పలు లెక్కపెట్టొచ్చు, వెనక వరుసలో మా అత్త మొహం మంచులో నిలబడ్డట్టుంది. ఎక్కడ కలిసినా "ఒరే, ఈసారైనా నన్ను కనబడేలా తీస్తావా?" అంటుంది. రెండు వరుసల గ్రూపుకు ఎఫ్ 5.6 నుంచి 8 మధ్య పెట్టండి. వెలుగు తగ్గితే ఐఎస్ఓ భరిస్తుంది.

మీకు కావాల్సింది దానికి వ్యతిరేకం, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్. దానికి అపర్చర్ ఒక్కటే దారి అనుకుని కొత్త లెన్స్ కోసం చూస్తున్నారు. ఇంకో మూడు దారులున్నాయి, మూడూ ఉచితం. మీరు మనిషికి ఎంత దగ్గరగా ఉంటే వెనక అంత కరుగుతుంది. జూమ్ ఎంత ఎక్కువైతే అంత కరుగుతుంది. మనిషికీ వెనకున్నవాటికీ ఎంత ఎడం ఉంటే అంత కరుగుతుంది. ఈ మూడోదాన్నే కొత్తవాళ్ళు గమనించరు. మనిషిని గోడకు ఆనించి నిలబెట్టి గోడ బ్లర్ కాలేదంటే ఏ లెన్సూ ఏమీ చేయలేదు. మీ కిట్ లెన్స్‌నే 55కి జూమ్ చేసి, ఎఫ్ 5.6 పెట్టి, తల, భుజాలు మాత్రమే ఫ్రేములో పట్టేంత దగ్గరికి వెళ్ళండి. మనిషి వెనక పదిహేను ఇరవై అడుగులు ఖాళీ ఉండేలా చూసుకోండి. 'ఈ లెన్స్‌తో ఇంత వస్తుందా' అనిపిస్తుంది.

డయల్ మీద అక్షరాలు. 'ఏ' అంటే అపర్చర్ మీ చేతిలో, షట్టర్ కెమెరా చేతిలో. 'ఎస్' అంటే షట్టర్ మీ చేతిలో. నికాన్, సోనీ కెమెరాల మీద ఇలా ఉంటాయి. కెనాన్ అయితే 'ఏవీ', 'టీవీ' అని ఉంటాయి. టీవీ అంటే టెలివిజన్ కాదు, టైమ్ వాల్యూ. వీడియో మోడ్ అనుకుని దాన్ని ముట్టుకోనివాళ్ళను నేను చూశాను. 'పి' అంటే రెండూ కెమెరా చేతిలోనే, కాకపోతే ఆటోలా నోరు మూయించదు, మీరు ఐఎస్ఓ, ఫోకస్ లాంటివి మార్చుకోవచ్చు.

మీకు నేను పెట్టిచ్చే సెట్టింగ్ ఇది. డయల్ 'ఏ' మీద, అపర్చర్ తెరుచుకున్నంత తెరిచి, ఐఎస్ఓ ఆటోలో, దాని గరిష్ఠం 6400. ఆటో ఐఎస్ఓ మెనూలోనే మినిమమ్ షట్టర్ స్పీడ్ అని ఉంటుంది, దాన్ని 1/250 చేయండి. దాంతో కెమెరా ముందు ఐఎస్ఓ పెంచుతుంది, ఇక పెంచలేనప్పుడే షట్టర్ నెమ్మదిస్తుంది. మీ మోడల్‌లో ఆ ఆప్షన్ లేకపోతే 'ఎస్' మోడ్‌లో 1/250 పెట్టి, ఐఎస్ఓ ఆటోలో వదిలేయండి, పని జరిగిపోతుంది. ఇంతే, ఇంట్లో పిల్లలకు ఇంకేమీ అక్కర్లేదు.

ఆ తర్వాత మీ బొటనవేలు నేర్చుకోవాల్సిన బటన్ ఒక్కటే, ప్లస్ మైనస్ గుర్తుతో ఉండే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. దీన్ని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఆటోకూ మనకూ తేడా ఇక్కడే. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌కు తెలుపు, నలుపు తెలియవు. తాను చూసేదంతా సగటున మధ్యస్థపు బూడిద రంగులో ఉంటుందని నమ్మి లెక్కవేస్తుంది. మామూలు దృశ్యాలకు ఆ నమ్మకం సరిపోతుంది. తెల్లగోడ ముందు తెల్లబట్టల మనిషిని చూపిస్తే "అమ్మో, వెలుగెక్కువ" అని తగ్గించి ఇద్దరినీ బూడిద చేస్తుంది. నల్లకుక్కను ఫ్రేము నిండా చూపిస్తే "చీకటి" అని పెంచి కుక్కకు దుమ్ముపట్టినట్టు చేస్తుంది. అంటే మనకు తోచినదానికి తలకిందులుగా చేయాలి. తెల్లటివి ఎక్కువుంటే +1, నల్లటివి ఎక్కువుంటే −1. కిటికీ ముందు మనిషి నిలబడి మొహం నల్లగా వస్తే +1 నుంచి +2 దాకా, బయట ఆకాశం తెల్లబడిపోయినా ఫరవాలేదు, మీకు కావాల్సింది మొహం.

దీనికి నాకిష్టమైన ఉదాహరణ చంద్రుడు. పున్నమి చంద్రుణ్ణి ఆటోలో తీస్తే నల్లటి ఆకాశంలో తెల్లటి బిళ్ళ వస్తుంది, మచ్చ లేదు, గీత లేదు. ఫ్రేము నిండా నలుపు చూసి కెమెరా బెంబేలెత్తి వెలుగు పెంచేసింది. నిజానికి చంద్రుడంటే నేరుగా ఎండ పడుతున్న రాయి. మనకు రాత్రి, అక్కడ పగలు. అందుకని ఎండలో వస్తువుకు పెట్టే సెట్టింగ్‌కు దగ్గరగానే పెట్టాలి. ఐఎస్ఓ 100, ఎఫ్ 11, షట్టర్ 1/100 లేదా 1/125. మచ్చలు కనబడతాయి. మీ 55తో చంద్రుడు బఠాణీ గింజంతే ఉంటాడనుకోండి, అయినా చేసి చూడండి. ఎండలో వస్తువుకైతే ఎఫ్ 16 పెట్టి, షట్టర్‌ను ఐఎస్ఓ అంకెకు సమానం చేయమని పాత లెక్క, మీటర్ లేని కెమెరాల రోజుల్లో దానిమీదే నడిచేది. మాన్యువల్ మోడ్ పనికొచ్చేది ఇలాంటి చోటే. చంద్రుడు, బాణసంచా, స్టేజీ మీద స్పాట్‌లైట్, స్టూడియో ఫ్లాష్, అంటే మీటర్ మోసపోయే చోట, వెలుగు మారని చోట.

ఫోటో వెలుతురుగా ఉందో లేదో వెనక తెరను చూసి తేల్చకండి. చీకట్లో ఆ తెర ఏ ఫోటోనైనా వెలిగిపోయేలా చూపిస్తుంది, ఎండలో ఏదైనా చీకటే. హిస్టోగ్రామ్ అనే గుట్టలాంటి బొమ్మ చూడండి. ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు. గుట్ట కుడి గోడకు గుద్దుకుని నిలబడిందంటే అక్కడి తెలుపులో వివరాలు పోయాయి, మళ్ళీ రావు. గుట్ట ఆకారం అందంగా ఉండాలని మాత్రం ఏమీ లేదు.

ఫోకస్ దగ్గర ఒక్కటే మాట. ఎక్కడ ఫోకస్ చేయాలో కెమెరాను ఎంచుకోనిస్తే చాలాసార్లు దగ్గరగా ఉన్నదాన్నో, గీతలు బాగా ఉన్నదాన్నో పట్టుకుంటుంది. బటన్ సగం నొక్కినప్పుడు ఆకుపచ్చ పెట్టె వెలిగిందంటే 'ఏదో ఒకటి' ఫోకస్ అయిందని అర్థం, 'మీరు కోరుకున్నది' అయిందని కాదు. మనుషులకు ఐ డిటెక్షన్ (కళ్ళను వెతికి ఫోకస్ చేసేది) ఆన్ చేయండి, వస్తువులకు సింగిల్ పాయింట్ పెట్టి ఆ చుక్కను మీరే జరపండి. పిల్లలకు 'ఏఎఫ్ సీ', కెనాన్‌లో 'సర్వో', అంటే కదులుతున్నంతసేపూ వెంటాడే ఫోకస్. బటన్ నొక్కినా ఫోటో పడటం లేదంటే లెన్స్‌కు మరీ దగ్గరగా వెళ్ళారేమో చూసుకోండి, ప్రతి లెన్స్‌కూ ఒక కనీస దూరం ఉంటుంది.

వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగును సరిచేసే సెట్టింగ్, ఆటోలో వదిలేయండి. బల్బు కింద ఫోటోలు పసుపెక్కితే అప్పుడు బల్బు బొమ్మ ఎంచుకోండి. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు, పాత ఫిలమెంట్ బల్బు 2800 కెల్విన్ చుట్టుపక్కల, పగటి వెలుగు 5500 చుట్టుపక్కల ఉంటుంది, నీడలో ఇంకా ఎక్కువ. దాని గురించి ఇప్పుడు ఇంతకన్నా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ముఖ్యంగా రా ఫైల్ (సెన్సర్ పట్టినదాన్ని వండకుండా దాచే ఫైల్) తీస్తే ఈ రంగు తర్వాత హాయిగా మార్చుకోవచ్చు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ రా ఫైల్‌లో 16,384. చీకటిగా వచ్చిన మొహాన్ని పైకి లేపినప్పుడు ఆ తేడా కంటికి తెలుస్తుంది. రా ప్లస్ జేపెగ్ పెట్టుకోండి. ఇప్పుడు జేపెగ్‌లు పంచుకోండి, ఆరు నెలలయ్యాక ఎడిటింగ్ వచ్చినప్పుడు రా ఫైళ్ళు దాచినందుకు సంతోషిస్తారు.

ఒక అరగంట వీలు చూసుకుని ఈ పని చేయండి. కిటికీ పక్కన బల్ల మీద ఒక బొమ్మ పెట్టి, దాని వెనక కాస్త దూరంలో ఏదైనా పుస్తకం నిలబెట్టండి. 55 దగ్గర, 'ఏ' మోడ్‌లో ఎఫ్ 5.6, 8, 11, 16 అంటూ నాలుగు ఫోటోలు తీయండి. ప్రతిసారీ షట్టర్ అంకె ఎలా సగమవుతూ పోతోందో, ఐఎస్ఓ ఆటోలో ఉంటే అది ఎలా రెట్టింపవుతోందో తెరమీద చూడండి. పుస్తకం మీది అక్షరాలు ఎన్నో ఫోటోలో చదవడానికి వీలయ్యాయో చూడండి. తర్వాత బొమ్మను పుస్తకానికి ఆనించి మళ్ళీ ఆ నాలుగూ తీయండి. మీరు చదివిన వ్యాసాలన్నీ ఈ ఎనిమిది ఫోటోల్లో ఉన్నాయి. కెమెరా బ్యాగులో పెట్టేముందు కాంపెన్సేషన్ సున్నాకు తెచ్చి పెట్టండి. రాత్రి పెట్టిన −2 మర్చిపోయి మర్నాడు పూటంతా చీకటి ఫోటోలు తీసిన అనుభవంతో చెప్తున్నాను.

ఇక లెన్స్. ఇంట్లో పిల్లల కోసమైతే 1.8 లెన్స్ నిజంగా పనికొస్తుంది, మీ 5.6తో పోలిస్తే మూడు స్టాపులకు పైగా, అంటే పది రెట్ల దాకా వెలుగు ఎక్కువ. ఐఎస్ఓ 6400 అడిగిన చోట 640 చాలు. అయితే అందరూ చెప్పే 50 మి.మీ. లెన్స్ కొనేముందు ఆగండి. ఫుల్ ఫ్రేమ్ అనే 36×24 మి.మీ. కొలత 1925లో లైకా కెమెరా మార్కెట్లోకి వచ్చినప్పటినుంచి లెన్సుల లెక్కకు ఆధారం అయిపోయింది. మీ సెన్సర్ దానికన్నా చిన్నది కాబట్టి 50 లెన్స్ మీ కెమెరాలో 75లా, కెనాన్ అయితే 80లా బిగువుగా చూపిస్తుంది. చిన్న గదిలో వీపు గోడకు తగిలినా పిల్లాడి కాళ్ళు ఫ్రేములోకి రావు. 35 అయితే 50 దాకా చూపిస్తుంది, గదికి సరిపోతుంది. నా మాట కూడా నమ్మకండి. మీ కిట్ లెన్స్ జూమ్ రింగును 35 దగ్గర చిన్న టేపు ముక్కతో అంటించి ఒక వారం తీయండి, పై వారం 50 దగ్గర అంటించి తీయండి. ఏ వారం టేపు పీకేయాలనిపించిందో ఆ అంకె కొనొద్దు.